గడ్డ పేరు ఫిలిం మీద రాసి ఉండదు

సంపాదకుల వారికి,

అయ్యా,

మెదడులోని కణితి ఏ రకానిదో కంప్యూటరు ఎంఆర్‌ఐ బొమ్మను చూసి నూటికి తొంభై తొమ్మిది పాళ్లు కచ్చితంగా చెప్పేస్తుందని, ఇక మీదట పుర్రెకు రంధ్రం పెట్టి గడ్డ ముక్క తీసి పరీక్షించవలసిన అవసరమే ఉండదని వార్తలు తరచుగా వస్తున్నాయి. జిల్లా కేంద్రంలో పాతికేళ్లుగా రేడియాలజిస్టుగా పనిచేస్తున్న నాకు ఇలాంటి వార్తలు కొత్త కావు. అయితే గత నెలలో ఒకాయన తన భార్య స్కాన్ ఫిల్ములతో పాటు అలాంటి వార్త కత్తిరించిన కాగితాన్ని కూడా నా బల్ల మీద పెట్టి, "రిపోర్టులో మీరే గడ్డ పేరు రాశారు కదండీ, మళ్లీ ఆపరేషను చేసి ముక్క పరీక్షకు పంపాలంటారేమిటి? ఈ మిషను మీ దగ్గర లేదా?" అని అడిగారు. బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు. నేను రెండు మాటల్లో ఏదో సర్దిచెప్పి పంపించాను. ఆయనకు ఇవ్వవలసిన అసలు జవాబు ఈ ఉత్తరం. అదే సందేహం ఉన్న వారు మీ పాఠకుల్లోనూ చాలామంది ఉంటారని మీకు రాస్తున్నాను.

ఎంఆర్‌ఐలో మనకు కనిపించేది ప్రధానంగా ఒంట్లోని నీటి బొమ్మ. మా దగ్గర ఉన్నట్టి 1.5 టెస్లా యంత్రం లోపలి అయస్కాంత బలం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు ఉంటుంది. ఆ బలానికి లోబడిన నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలను రేడియో తరంగాలతో ఒకసారి కదిలించి, అవి తిరిగి తమ స్థితికి ఎంతసేపట్లో వస్తాయో కొలిస్తే, ఆ వ్యవధిలోని తేడాలే ఫిలిం మీద నలుపు, తెలుపు, బూడిద రంగులుగా తేలుతాయి. అమెరికా వైద్యుడు రేమండ్ డమేడియన్ 1971లో ఎలుకల కణితులను ఇలా కొలిచి, ఆరోగ్యంగా ఉన్న కణజాలంలో కంటే కణితిలో ఈ వ్యవధి ఎక్కువగా ఉంటుందని ప్రకటించినప్పుడు, ఇక ఒక్క అంకెతో క్యాన్సరును పట్టుకోవచ్చనే ఆశ పుట్టింది. పాల్ లాటర్‌బర్ 1973లో ఆ సంకేతాల నుంచి బొమ్మ తయారు చేసే పద్ధతి చూపించారు. ఆయనకు, పీటర్ మ్యాన్స్‌ఫీల్డ్‌కు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. తనను విస్మరించారని డమేడియన్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించుకోవడం వేరే కథ. ఒక్క అంకె ఆశ మాత్రం నిలవలేదు. కణితికీ, వాపుకూ, చీముకూ, పాత దెబ్బ మచ్చకూ ఆ అంకెలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయని త్వరలోనే తేలింది. నేటి కంప్యూటరు వార్తలు చదువుతుంటే నాకు ఆ పాత ఆశే గుర్తొస్తోంది.

అలాగని ఎంఆర్‌ఐ ఏమీ చెప్పలేదని నేను అనడం లేదు. ఫిలింను వెలుగుపెట్టె మీద పెట్టగానే మేము మొదట చూసేది గడ్డ ఎక్కడ ఉందన్నది. మెదడు లోపల పుట్టిందా, బయట నుంచి మెదడును నొక్కుతోందా అన్న ఒక్క ప్రశ్నతోనే సగం పేర్లు జాబితా నుంచి పోతాయి. మెదడుకూ గడ్డకూ మధ్య సన్నని నీటి గీత కనిపించి, బొమ్మలో తేడా తేలడానికి నరంలోకి మందు ఎక్కించాక గడ్డ మొత్తం ఒకే తీరుగా తెల్లబడి, దాన్ని అంటుకున్న పొర మీద చిన్న తోకలాంటి చార సాగితే అది చాలావరకు మెదడు పొర నుంచి పుట్టే మెనింజియోమాయే. 1922లో హార్వీ కుషింగ్ పెట్టిన పేరు అది. చెవి నరం వెళ్లే సన్నని ఎముక సందులో మొదలై బయటకు కోన్ ఐస్‌క్రీములా ఉబ్బితే అది ఆ నరం పొర నుంచి పుట్టిన ష్వానోమా అని దాదాపు ధైర్యంగా రాస్తాం. పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ కనిపించి, రక్తంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను బాగా ఎక్కువగా ఉంటే కత్తి అవసరం లేకుండా క్యాబర్గొలిన్ మాత్రలతోనే చాలామందిలో ఆ గడ్డ చిన్నబడుతుంది. ఇలాంటి చోట్ల స్కాన్ మాటకు విలువ చాలా ఎక్కువ. అప్పుడు కూడా రొమ్ము క్యాన్సరు పొర మీదికి పాకి అచ్చం మెనింజియోమాలా కనిపించిన సందర్భాలు ఉంటాయి. అందుకే ఆ జబ్బు ఇంతకుముందు ఉందా అని మేము అడుగుతాం.

చిక్కంతా ఉంగరం దగ్గర వస్తుంది. గాడోలినియం మందును నరానికి ఎక్కించి తీసినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న మెదడులోని రక్తనాళాలు దాన్ని బయటికి పోనివ్వవు. ఎక్కడ నాళాల గోడ దెబ్బతిందో అక్కడ మందు ఊరి తెల్లగా మెరుస్తుంది. మధ్యలో నల్లగా, చుట్టూ తెల్లని గీతతో ఉంగరంలా కనిపించే ఆ మచ్చ గ్లయోబ్లాస్టోమా అనే భయంకరమైన కణితి కావచ్చు, ఊపిరితిత్తిలో పుట్టి మెదడుకు పాకిన క్యాన్సరు కావచ్చు, చీముగడ్డ కావచ్చు, టీబీ గడ్డ కావచ్చు, బద్దెపురుగు గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు మెదడుకు చేరి కట్టిన చిన్న తిత్తి కావచ్చు. పాశ్చాత్య పాఠ్యపుస్తకం మొదటి రెండింటినీ పైన రాస్తుంది. మన దగ్గర ఫిట్స్ వచ్చిన పాతికేళ్ల కుర్రవాడి ఫిలింలో చిన్న ఉంగరం కనిపిస్తే నేను చివరి రెండింటి నుంచి మొదలుపెడతాను. పంది మాంసం ముట్టని ఇంట్లో కూడా ఈ తిత్తి కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గుడ్లు సరిగ్గా కడగని ఆకుకూర ద్వారానో, కలుషితమైన నీటి ద్వారానో కడుపులోకి చేరతాయి. 1980లలో సీటీ స్కాన్లు వచ్చిన కొత్తలో ఇలాంటి చిన్న ఉంగరాలను మన దేశంలో టీబీగా భావించి నెలల తరబడి టీబీ మందులు వాడించేవారు. వేలూరు సీఎంసీలో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ బృందం అలాంటి మచ్చల నుంచి ముక్క తీసి పరీక్షించి, వాటిలో ఎక్కువ భాగం పురుగు తిత్తులేనని తేల్చింది. ఒకే ఉంగరం ఉండి, అది 20 మిల్లీమీటర్ల కంటే చిన్నదై, మెదడును పక్కకు నెట్టకుండా ఉంటే అది తిత్తి వైపు మొగ్గుతుందని, దానికంటే పెద్దదై అంచు వంకరటింకరగా ఉంటే టీబీని అనుమానించాలని వారు పెట్టిన కొలతను నేను ఇప్పటికీ స్కేలు పెట్టి చూసుకుంటాను. ఆ కొలత వెనుక ఉన్నది కూడా ముక్క పరీక్షే. మైక్రోస్కోపు కింద ఎవరో చూసి తేల్చబట్టే ఇవాళ మేము ఫిలిం మీద చూసి చెప్పగలుగుతున్నాం.

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో, నేను పనిచేసిన చోట నీటి కదలికను కొలిచే డిఫ్యూజన్ బొమ్మలు అందరికీ తీసే అలవాటు లేదు. యాభై ఏళ్ల మనిషి తలనొప్పితో వచ్చాడు. చెవి పైభాగాన మెదడులో పెద్ద ఉంగరం, చుట్టూ వాపు ఉన్నాయి. నేను ప్రమాదకరమైన గ్లయోమా, అంటే మెదడు కణజాలంలోనే పుట్టే కణితి, అయి ఉంటుందని రాశాను. నాలుగు రోజుల తర్వాత సర్జను ఫోను చేసి, సూది పెడితే చిక్కటి చీము వచ్చిందని చెప్పారు. ఆ మనిషికి చిన్నప్పటి నుంచి చెవి కారుతోంది. చీటీ మీద తలనొప్పి అని మాత్రమే ఉంది, నేను అడగలేదు. ఆ నాలుగు రోజులు ఆ ఇంట్లో వాళ్లు ఎలా గడిపి ఉంటారో నాకు ఇప్పటికీ తలపుకు వస్తుంది. ఇప్పుడు అదే ఫిలిం వస్తే డిఫ్యూజన్ బొమ్మలో ఉంగరం నడుమ తెల్లగా వెలుగుతుంది, ఎందుకంటే చిక్కటి చీములో నీటి అణువులు కదలలేవు. కుళ్లిన కణితి మధ్యభాగం పలుచగా ఉండి అక్కడ నల్లగానే కనిపిస్తుంది. దీనికీ మినహాయింపులు ఉన్నాయి కానీ, మా వృత్తిలో ఇంత మేలు చేసిన సీక్వెన్సు (బొమ్మ తీసే పద్ధతి) మరొకటి లేదని నా అభిప్రాయం.

గ్లయోబ్లాస్టోమాకూ, వేరే చోట నుంచి పాకిన క్యాన్సరుకూ తేడా తెలుసుకోవడానికి ఉంగరం కంటే దాని చుట్టూ ఉన్న వాపు మీద దృష్టి పెడతాం. పాకిన క్యాన్సరు చుట్టూ ఉన్నది చాలావరకు నీరు మాత్రమే. గ్లయోబ్లాస్టోమా చుట్టూ కనిపించే వాపులో మాత్రం కణితి కణాలు వేళ్లు తన్ని ఉంటాయి కనుక, రక్త ప్రసరణను కొలిచే పెర్ఫ్యూజన్ పరీక్షలో అక్కడ కూడా రక్తం పరిమాణం పెరిగి కనిపిస్తుంది. కణితిలోని రసాయనాలను గ్రాఫు మీద గీసే స్పెక్ట్రోస్కోపీలో టీబీ గడ్డ కొవ్వు శిఖరాన్ని చూపిస్తుంది, చురుకైన కణితి కోలిన్ శిఖరాన్ని పెంచుతుంది. డిఫ్యూజన్, పెర్ఫ్యూజన్, స్పెక్ట్రోస్కోపీ ఈ మూడూ కలిపి చదివితే రిపోర్టులో రాసే అవకాశాల వరుస అయిదు నుంచి రెండుకు వస్తుంది. ఆ రెండింటిలో ఏదో తేలని రోజులూ ఉంటాయి. "ఇదీ కావచ్చు, అదీ కావచ్చు అని రాస్తే మేమేం అర్థం చేసుకోవాలి?" అని విసుక్కునే వారికి నేను చెప్పేది ఒక్కటే, ఆ వరుసలో ముందున్న పేరుకూ వెనుక ఉన్న పేరుకూ మధ్య తేడాను బట్టే సర్జను ఆపరేషనుకు పోవాలా, సూదితో చిన్న ముక్క మాత్రమే తీయాలా, మందులు వేసి ఆరు వారాలు ఆగాలా అని నిర్ణయిస్తారు.

లింఫోమా అనే తెల్లరక్తకణాల క్యాన్సరు మెదడులో వచ్చినప్పుడు ఇది మరీ ముఖ్యం. కణాలు ఒత్తుగా ఉండే ఈ కణితి డిఫ్యూజన్‌లో వెలిగి, మందుతో ముద్దగా తెల్లబడుతుంది. దీనికి మెథోట్రెక్సేట్ వంటి మందులే ప్రధాన వైద్యం, గడ్డ మొత్తం కోసి తీయడం వల్ల పెద్ద లాభం ఉండదు. అయితే తలనొప్పి, వాంతులు తగ్గాలని ముందే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడు ఇచ్చేస్తే గడ్డ కరిగిపోయి, ముక్క తీసినా దాన్ని మైక్రోస్కోపు కింద పరీక్షించే పాథాలజిస్టుకు చూడ్డానికి ఏమీ మిగలని పరిస్థితి వస్తుంది. ప్రాణానికి ముప్పు లేనప్పుడు, లింఫోమా అనుమానం ఉంటే ముక్క తీసేదాకా స్టెరాయిడు ఆపమని న్యూరోసర్జన్లు కోరేది ఇందుకే. ఊళ్లో ఇచ్చిన ఇంజెక్షను పేరు చీటీ మీద రాసి పంపితే మాకు ఎంత ఉపకారమో చెప్పలేను.

ఇప్పుడు మొదట చెప్పిన ఆయన భార్య సంగతికి వస్తాను. ఆమె వయసు నలభై లోపే. ఒకసారి ఫిట్స్ వచ్చింది, అంతకుమించి ఏ బాధా లేదు. కుడి నుదుటి వెనుక భాగంలో ఉన్న గడ్డ మందు ఎక్కించినా తెల్లబడలేదు. నీటిని తెల్లగా చూపే టీ2 బొమ్మలో గడ్డ అంతా తెల్లగా ఉంది, అదే గడ్డ విడి నీటిని నల్లబరిచే ఫ్లెయిర్ బొమ్మలో అంచు మాత్రం తెల్లగా ఉండి లోపల నల్లబడింది. ఈ రెండు బొమ్మల మధ్య పొంతన లేకపోవడం పెద్దవారిలో ఐడీహెచ్ అనే జన్యువు మారిన ఆస్ట్రోసైటోమా అనే గ్లయోమాకు బలమైన గుర్తు. కనిపిస్తే దాదాపు నమ్మవచ్చు, కనిపించనంత మాత్రాన కాదని చెప్పలేం. నేను ఆ పేరు రాయడానికి కారణం అదే. అంత ధైర్యంగా రాసిన వాణ్ణి మళ్లీ ముక్క ఎందుకు అడుగుతున్నానంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనూ, మరింత స్పష్టంగా 2021లోనూ మెదడు కణితుల వర్గీకరణను మార్చి, పేరులో జన్యువులను చేర్చింది. పెద్దవారిలో వచ్చే ఈ జాతి గ్లయోమాలకు ఇప్పుడు మూడే పేర్లు ఉన్నాయి. ఐడీహెచ్ మారిన ఆస్ట్రోసైటోమా ఒకటి, ఐడీహెచ్ మార్పుతో పాటు 1పీ, 19క్యూ అనే క్రోమోజోము ముక్కలు రెండూ పోయిన ఆలిగోడెండ్రోగ్లయోమా రెండోది, ఐడీహెచ్ మారని గ్లయోబ్లాస్టోమా మూడోది. ఆమె గడ్డలో సీడీకేఎన్2ఏ అనే జన్యువు రెండు ప్రతులూ పోయి ఉంటే, ఫిలింలో ఎంత సాధువుగా కనిపించినా, దాన్ని 4వ గ్రేడుగా, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైనదిగా లెక్కిస్తారు. అలాగే మందుతో తెల్లబడని, నెమ్మదైనదిగా కనిపించే గడ్డ యాభై అయిదేళ్ల మనిషిలో ఉంటే, జన్యు పరీక్షలో అది గ్లయోబ్లాస్టోమాగా తేలవచ్చు. ఈ సంగతులు ఏ ఫిలింలోనూ కనిపించవు. ఐడీహెచ్ మారిన కణితి తయారుచేసే ఒక ప్రత్యేక రసాయనాన్ని స్పెక్ట్రోస్కోపీతో పట్టే పద్ధతి ఉన్నా, అది అన్ని యంత్రాల్లో సాగే పని కాదు. ఐడీహెచ్ మార్పు ఉన్న 2వ గ్రేడు గ్లయోమాలకు వొరాసిడెనిబ్ అనే మాత్రను అమెరికా 2024లో అనుమతించింది. ఆ మాత్ర ఎవరికి ఇవ్వాలో కూడా ముక్కలోని జన్యు పరీక్షే చెప్పాలి. పైగా ఆమెకు చేసే ఆపరేషను పరీక్ష కోసం మాత్రమే కాదు. మాటకూ, కాళ్లకూ చేతులకూ హాని లేకుండా ఎంత తీయగలిగితే అంత తీయడం వైద్యంలో భాగమే.

కత్తి తగిలితే గడ్డ పాకుతుందన్న భయం ఆయన మాటల వెనుక ఉందని నాకు తర్వాత తట్టింది. ఆపరేషను ఆలస్యంగా జరిగి, అప్పటికే ముదిరిన జబ్బు కొద్ది నెలల్లో తిరగబెట్టిన ఇళ్లలో ఈ మాట పుట్టి ఉంటుంది. ముక్క తీయడంలో రక్తస్రావం, ఇన్ఫెక్షను వంటి ప్రమాదాలు కొన్ని నిజంగానే ఉన్నాయి, వాటి గురించి సర్జనును నిలదీసి అడగాలి. మెదడు గ్లయోమా ముక్క పరీక్ష వల్ల ఒళ్లంతా పాకుతుందన్నది మాత్రం ఆ ప్రమాదాల్లో లేదు.

కంప్యూటరు సంగతి మా మేనల్లుడి పుణ్యమా అని నాకు దగ్గరగా తెలిసింది. ఇంజనీరింగు చివరి సంవత్సరం ప్రాజెక్టుగా వాడు మెదడు కణితులను గుర్తించే ప్రోగ్రాము రాసి, పండక్కి ఇంటికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చి చూపించాడు. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఎక్కువగా వాడే బొమ్మల కట్ట ఒకటి ఉంది. చైనాలో రెండు ఆసుపత్రుల నుంచి సేకరించిన 3,064 బొమ్మలు అందులో ఉన్నాయి. మెనింజియోమావి 708, గ్లయోమావి 1,426, పిట్యూటరీ కణితులవి 930. ఇవన్నీ కలిపి 233 మంది రోగులవి, అంటే ఒక్కో మనిషి తలను పొరలుపొరలుగా తీసిన సగటున 13 బొమ్మలు. వాటిని పేకముక్కల్లా కలిపేసి కొన్నింటితో కంప్యూటరుకు నేర్పి, మిగిలిన వాటితో పరీక్ష పెడితే, ఒకే మనిషి తలలోని పక్కపక్క పొరలు పాఠంలోనూ పడతాయి, పరీక్షలోనూ పడతాయి. ముందురోజు చూపించిన ప్రశ్నపత్రంతో పరీక్ష పెట్టి నూటికి తొంభై తొమ్మిది వచ్చాయని సంబరపడటం లాంటిదే ఇది. మనుషుల వారీగా విడదీస్తే మార్కులు తగ్గుతాయి. వాడు విడదీయలేదు, విడదీయాలని ఎవరూ చెప్పలేదట. పేరు, వివరాలు తీసేసిన ఒక పాత పురుగు తిత్తి బొమ్మను నేను ఇచ్చి చూపించమన్నాను. తెర మీద "గ్లయోమా, 0.97" అని పడింది. "మరి దానికి తెలిసినవి మూడు పేర్లే మామయ్యా, వాటిలోనే ఏదో ఒకటి చెప్పాలి కదా" అన్నాడు. వాడన్నది నిజమే. మన ఊళ్లలో ఫిట్స్‌తో వచ్చే మనిషి ఫిలింకు అవసరమైన పేర్లు టీబీ, తిత్తి, చీము ఆ జాబితాలో లేనే లేవు. డిఫ్యూజన్, పెర్ఫ్యూజన్ బొమ్మలూ ఆ కట్టలో లేవు.

కంప్యూటరు సాయానికి నేను వ్యతిరేకిని కాను. 2012 నుంచి బ్రాట్స్ పేరుతో ఇలాంటి ప్రోగ్రాములకు జరుగుతున్న పోటీల పుణ్యాన, గ్లయోమా అంచులను నాలుగు సీక్వెన్సుల్లో కలిపి గీసి, ఘనపరిమాణాన్ని కొలిచే ప్రోగ్రాములు బాగా మెరుగుపడ్డాయి. మూడు నెలల కింద తీసిన ఫిలిం కంటే గడ్డ పెరిగిందా, తగ్గిందా అని కంటితో చూసి చెప్పే నా అంచనా కంటే ఆ కొలత నమ్మదగినది.

ఇంత రాశాక మా వైపు నుంచి, రోగుల వైపు నుంచి జరిగే చిన్న పొరపాట్ల గురించి చెప్పకుండా ఉండలేను. కణితి అనుమానం ఉన్నప్పుడు ఖర్చు తగ్గుతుందని మందు ఎక్కించకుండా స్కాన్ తీయించుకోవడం, తర్వాత హైదరాబాదులోనో చెన్నైలోనో మళ్లీ అంతా తీయించుకోవడం మామూలైపోయింది. రెండోసారి పెట్టే డబ్బు మొదట మిగిల్చిన దానికంటే ఎక్కువ. మూత్రపిండాల జబ్బు బాగా ముదిరిన వారి విషయంలో మందు ఎక్కించడం గురించి జాగ్రత్త పడాలి, అందుకే ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు. అది వేధింపు కాదు. పాత స్కాన్ ఉంటే ఫిలింలతో పాటు సీడీని తీసుకురావాలి. ఫిలింను కిటికీ వెలుగుకు పట్టుకుని ఫోనుతో తీసిన ఫొటోల మీద అభిప్రాయం చెప్పమని ఎందరో పంపుతారు. ఆ ఫొటోలో ఉంగరం అంచు మందం ఎంతో, లోపల చుక్క ఉందో లేదో నాకు కనిపించదు. ఆ చుక్కే తిత్తి లోపలి పురుగు తల. ఆ ఒక్క చుక్క కనిపిస్తే క్యాన్సరు మాటే ఎత్తకుండా రిపోర్టు రాయగలను.

మీ పత్రికకు నా మనవి ఏమిటంటే, ఇలాంటి పరిశోధన వార్త వేసే ముందు మీ విలేకరి ఆ పరిశోధకులను ఎన్ని బొమ్మలు అని కాక ఎంతమంది మనుషులు అని అడగాలి, ఆ మనుషులు ఏ దేశపు వారో అడగాలి, కంప్యూటరుకు నేర్పిన పేర్లలో టీబీ, పురుగు తిత్తి ఉన్నాయో లేవో అడగాలి. ఈ మూడింటికీ దొరికిన జవాబులను వార్తలోనే అచ్చు వేస్తే, నా బల్ల మీదికి వచ్చే కత్తిరింపును నేనే ముందుగా చదివి వినిపిస్తాను. ఆ కుటుంబం ఈ వారం ఆపరేషనుకు ఒప్పుకుంది.

భవదీయుడు,
ఒక రేడియాలజిస్టు,
ఒంగోలు.